ఆడియో గ్రూపులో పేరు

మా బాపు పోయిన సాయంత్రం ఆయన ఫొటో పెద్దది చేయించాలని మా అన్న నందు కంప్యూటర్ తెరిచాడు. ఏదో ప్రకటన దానంతటదే మొదలై డీజే పాట ఇల్లంతా మోగింది. లాల్‌దర్వాజాలో మా ఇరుకు వాకిట్లో కూర్చున్న చుట్టాలందరూ లోపలికి తొంగిచూశారు. దినాలు అయ్యేదాకా మా ఇళ్లలో పాట వినపడకూడదు. నందు సిగ్గుతో చచ్చి, అప్పటికప్పుడు కంప్యూటర్‌లో ఆడియో గ్రూపు అనే జాబితాలోంచి ఇంట్లో అందరి పేర్లూ తీసేశాడు. ఆ గ్రూపులో పేరు లేనివాళ్లకు మా కంప్యూటర్‌లో శబ్దం రాదు.

మైకు కూడా ఆ గ్రూపు కిందికే వస్తుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. నాకు ఇవాళ తెలిసింది, ఉద్యోగానికి మాట్లాడే పరీక్ష మొదలయ్యే ముందు. ఆ పరీక్ష కంప్యూటర్‌లోనే జరగాలట, తప్పితే మళ్లీ పిలవరట. బాపు లేడు కాబట్టి మా పాడి బర్రెలు అమ్మేయమంటున్నారు అందరూ. నాకు ఉద్యోగమొస్తే వాటిని అమ్మాల్సిన పని ఉండదు.

నందు మీద కోపం రావాలి. రాలేదు. బాపు పోయినప్పటి నుంచి నాకు ఏదీ రావడం లేదు, ఏడుపు కూడా. అమ్మా అంతే. పాలు పిండుతుంది, వచ్చి గోడకానుకుని కూర్చుంటుంది.

“అన్నా, నా పేరు మళ్ల పెట్టు.”

“దినాలు గాలేదు గద వర్షితా. ఎవరన్న ఇంటే ఏమంటరు?”

“నేనేమన్న పాటలు పెడ్తనా? మాట్లాడాలె. లొల్లి జెయ్యకు.”

నందు గొణుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టాడు. గోడ దగ్గర నుంచి అమ్మ అడిగింది.

“మీ బాపు పేరు గూడ పెడ్తున్నవా బిడ్డా?”

మధ్యాహ్నాలు పాలు పోసి వచ్చాక బాపు తన పేరుతో కంప్యూటర్ తెరుచుకుని పాత పాటలు వినేవాడు. నందు చేయి ఆగింది.

“బాపుకెందుకే అమ్మా ఇగ?”

నందు నా పేరొక్కటే చేర్చాడు. “ఒక్కపారి లాగౌట్ అయి మళ్ల లోపటికి పో, లేకుంటే పన్జెయ్యది,” అని బర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

అలాగే చేశాను. హెడ్‌సెట్ పెట్టుకున్నాను. పరీక్ష పెట్టే మేడం గొంతు వినిపించింది.

“వర్షిత గారూ, ముందు మైకు చూద్దాం. ఏదైనా మాట్లాడండి.”

నోరు తెరిచాను. ఒక్క మాటా తోచలేదు. అయినా తెర మీద మైకు శబ్దం చూపే ఆకుపచ్చ గీత లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. నేను మాట్లాడటమే లేదు. ఒక చెవి మీది హెడ్‌సెట్ జరిపాను.

వెనక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“మీ వైపు నుంచి ఏదో శబ్దం వస్తోందండీ. కాసేపు మైకు ఆపుతారా?”

మౌస్ బాణం ఆపే గుర్తు మీదే ఉంది. నొక్కలేకపోయాను.

“అది మా అమ్మ, మేడం,” అన్నాను. “మా బాపు చనిపోయిండు.”

ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. ఏడుపు ముంచుకొచ్చింది. ఆకుపచ్చ గీత పైదాకా లేచి, ఇక దిగలేదు.