నూట నలభై గడపల పటం

ఆఫీసు గోడకి అంటించిన పటంలో కుట్టుమిషనామె తన ఇంటికోసం వేలు పెట్టి వెతికింది. మిల్లుంది. కాలువుంది. రెండింటి మధ్య నూట నలభై గడపలున్న చోట తెల్లకాగితమే ఉంది. దాని మీద ఒక ముక్క: జనావాసం లేదు, గోదాములకు కేటాయింపు.

"మేం లేకపోతే మిల్లులో బట్ట నేసేది దయ్యాలా సార్?"

"స్కేలమ్మా, స్కేలు. చిన్నచిన్నవి కనపడవు," అన్నాడు అధికారి తల ఎత్తకుండా. "వారంలో ఖాళీ చెయ్యండి. అభ్యంతరముంటే కాగితం మీద ఇవ్వండి."

చిన్నవి కనపడవట! మిల్లు యజమాని కుక్కల కొట్టం మాత్రం నాలుగు గీతలతో నిక్షేపంగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వీధంతా కుళాయి దగ్గర చేరింది. సర్వేవాళ్ల కొలత గొలుసు ముప్ఫై ఏళ్లు మోసిన ముసలాయన, అందరికీ గొలుసుమామ, నేలచూపులు చూస్తూ నోరు విప్పాడు.

"స్కేలూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మేం కొలవడానికి పట్టపగలొచ్చాం. ఆ రోజు మిల్లులో ఆడామగా అందరికీ ఒకే షిఫ్టు వేశారు, గుర్తుందా? తాళాలు చూసి జనం లేరని రాసుకున్నాడు ఆఫీసరు. తాళం లేని తలుపులు తట్టనే లేదు. గొలుసు రెండో కొస పట్టుకుంది నేనే. నోరు మూసుకున్నాను."

ఇద్దరు ముగ్గురు ఆయన మీదికి లేచారు. కుట్టుమిషనామె అడ్డుపడింది.

"తిట్లు తరవాత. మనలో కొలవడం వచ్చింది ఈయనొక్కడికే. నేర్పు మామా."

ఆమె కుట్టు టేపుతోనే సందులన్నీ కొలిచారు. చొక్కాలు కత్తిరించే అట్టకాగితం మీద గీశారు.

"గీతలు గీసి ఊరుకుంటే పాడుబడ్డ గోడలంటారు," అన్నాడు మామ. "గడపకెంతమంది, ఏం పని, ఎన్నేళ్ల నించి ఉన్నారు, అన్నీ రాయాలి."

ఆమె అత్తకి ఇది నచ్చలేదు. "రేపు పోలీసులొస్తే ఏ తలుపు కొట్టాలో మనమే చూపించినట్టు కాదూ? కొరివితో తల గోక్కోవడమే."

అత్త అన్నది నిజమే. కుట్టుమిషనామెకి భయమేసింది. అయినా మొదట తన ఇల్లే గీసింది: ముగ్గురు, కుట్టుపని, పంతొమ్మిదేళ్లు. కింద సంతకం పెట్టింది.

అత్త కాసేపు చూసి, "నా వయసు డెబ్భై ఒకటి. తగ్గించి రాసేవు," అంది.

బుధవారం పటం ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నారు. శుక్రవారం పొద్దున జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఎవరినీ దారి అడగలేదు. అతని చేతిలో వాళ్ల పటం నకలుంది. మూడో సందు, ఎడమవైపు ఐదో గడప. తిన్నగా వచ్చి ఆగాడు. కాలువగట్టు మీద ఇళ్లు కూల్చే యంత్రాలు నిలబడి ఉన్నాయి.

"దొంగపటం గీసి జనాన్ని రెచ్చగొడుతున్నావు. పద."

మిల్లు సైరన్ మోగింది. పనికి ఒక్కరూ కదల్లేదు. ఎవరి గడప మీద వాళ్లు నిలబడ్డారు.

"జనం లేని చోట నా గుమ్మం ఎలా దొరికింది సార్?" అంది కుట్టుమిషనామె.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆమెను జీపెక్కించాడు.

గొలుసుమామ జీపుకి అడ్డంగా కూర్చున్నాడు. పక్కన అత్త చతికిలబడింది. ఆ తరవాత సందు సందంతా వచ్చి కూర్చుంది. మొదటి యంత్రం డ్రైవరు ఇంజను ఆపి, ఎంతమందని అడిగాడు.

"ఆరు వందల ఎనిమిది," అంది అత్త. "నిన్న పుట్టిన పిల్లతో తొమ్మిది. దాన్ని కూడా రాసుకోమను మీ ఆఫీసరుని."