రెండు వేళ్ళు కిందికి

మాసిన గౌన్ల సంచిలోంచి ఒకదాన్ని లాగి, ఒక్కసారి విదిలించి, కుడిపక్క జేబులో చెయ్యి పెట్టింది ఆరా అక్క. ఖాళీ. దాన్ని ఉతికే కుప్ప మీదికి విసిరి ఇంకోటి అందుకుంది. అందులో సగం కొరికిన బిస్కెట్టు. ఆ తర్వాతి దాంట్లో కళ్ళద్దాలు, విరిగిన కాలికి దారం చుట్టి ఉంది. వాటిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. అద్దం బాగా మందంగా ఉంది. "పాపం, ఇవి లేకపోతే గోడని కూడా పలకరించే మనిషి," అనుకుంటూ కిటికీ గట్టు మీదున్న రేకు పళ్ళెంలో పెట్టింది.

ఆసుపత్రి అడుగున ఉన్న ఆ లాండ్రీలో తెల్లవారుతూనే ఆవిరి కమ్ముకుంటుంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ చెప్పులు తప్ప ఏమీ కనిపించవు. ఆమె అసలు పని ఇక్కడ కాదు, పక్కనున్న బట్టల గదిలో. అక్కడ కుట్టుమిషను ముందు కూర్చుని చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, తెగిన గౌను నాడాలు బాగుచేస్తుంది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని రోగులు విడిచిన బట్టలు వెతకమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ పనిని తనే అడిగి మరీ నెత్తికెత్తుకుంది.

అడగడం ఆమెకి పుట్టుకతో వచ్చిన గుణం. లిఫ్టులో పక్కన నిలబడ్డవాళ్ళని ఏ వార్డుకని అడుగుతుంది, ఎవరికేమైందని అడుగుతుంది, వాళ్ళు దిగిపోతుంటే ఆ సంచిలో ఏముందని కూడా అడుగుతుంది. అందుకే ఆరా అక్క అయింది. ఆమె ఇంటాయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు. "దీన్ని పోలీసుల్లో చేర్చుకోవాల్సింది. దొంగలు విసుగెత్తి వాళ్ళే ఒప్పేసుకునేవాళ్ళు," అంటాడు.

ఆసుపత్రి గౌన్లకి జేబులు వచ్చింది కూడా ఆ గుణం వల్లే. ఒకప్పుడు అవి వెనక నాడాలు కట్టుకునే వట్టి పల్చటి బట్టలు. చాలా ఏళ్ళ కిందట ఎక్స్‌రే గది ముందు చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ పిడికిలి బిగించి కూర్చుని ఉంది. "ఏముందండీ చేతిలో?" అని అడిగింది ఆరా అక్క. ఆవిడ నోరు విప్పలేదు, పిడికిలీ విప్పలేదు. ఆరా అక్క అక్కణ్ణుంచి కదలనూ లేదు. చివరికి ఆవిడే చెయ్యి తెరిచి చూపించింది. కాగితంలో చుట్టిన కట్టుడు పళ్ళు. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక పొద్దున్నుంచీ అలా పట్టుకునే ఉందట. మాట్లాడితే బోసినోరు కనబడుతుందని డాక్టరుకి కూడా నొప్పి ఎక్కడో చెప్పలేదట.

ఆ సాయంత్రం ఆరా అక్క పారేసే దుప్పటి ఒకటి ముందేసుకుంది. దుప్పటి నడుమనే అరుగుతుంది, అంచులు గట్టిగానే ఉంటాయి. అంచులోంచి చదరంగా ఒక ముక్క కత్తిరించి గౌనుకి కుడిపక్కన కుట్టింది. లాగినా ఊడకుండా పై మూలల్లో కుట్టు మీద కుట్టు వేసింది. ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. చిరిగిన దుప్పట్లు వస్తూనే ఉన్నాయి, ఒక్కో గౌనుకీ జేబు పడుతూనే ఉంది. కొన్నేళ్ళకి ఆ ఆసుపత్రిలో జేబు లేని గౌను లేకుండా పోయింది.

చిక్కు ఒక ఇంకు పెన్నుతో వచ్చింది. ఎవరో జేబులో మరిచిపోయిన పెన్ను ఉతికే డ్రమ్ములో పగిలి, ఆపరేషన్ గదికి వెళ్ళాల్సిన దుప్పట్లన్నిటికీ నీలి మరకలు పట్టించింది. అప్పటికి బట్టల గదికి కొత్త ఇన్‌ఛార్జి మేడమ్ వచ్చింది. అరిచే మనిషి కాదు.

"మీ మనసు నాకు తెలుసమ్మా. కానీ పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి. జేబులు విప్పేయండి."

"ఉతికే ముందు ప్రతి జేబూ నేనే చూస్తానమ్మా."

"ఒక్కటి తప్పిపోతే?"

"తప్పితే నా చేత్తో నేనే విప్పేస్తాను. మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు."

ఆ మాట మీద జేబులు బతికి ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆరా అక్క అందరికంటే ముందు వచ్చి సంచుల ముందు నిలబడుతోంది.

"అక్కా, తొందరగా కానీ. డ్రమ్ము నోరు తెరుచుకుని చూస్తోంది," అని కేకేశాడు లాండ్రీ తమ్ముడు. బట్టలు ఉతికేది అతనే. భుజం మీద ఎర్ర తువ్వాలు లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. జేబులంటే మొదట్నుంచీ ఒళ్ళు మంట. అవి ఆరవు, ఇస్త్రీకి లొంగవు, వాటిల్లోంచి రాలినవి డ్రమ్ము జల్లెడకి అడ్డం పడతాయని రోజూ సణుగుతాడు. ఆ మధ్య అతనికి ఇదే ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ ఆరా అక్క అతన్ని నిలువునా తినేస్తోంది.

"ఇవాళైనా చెప్పరా తమ్ముడూ. నీ గౌను జేబులో ఏం పెట్టుకున్నావు?"

"నువ్వు అడగని రోజున చెప్తాను."

"అడక్కపోతే నువ్వెందుకు చెప్తావు?"

"అదే కదా," అని నవ్వుకుంటూ సబ్బుపొడి డబ్బా వైపు వెళ్ళాడు.

తర్వాతి గౌను జేబులో ఆమె వేళ్ళకి గుండ్రంగా, నున్నగా ఏదో తగిలింది. చదరంగం బంటు. నల్లది, తల దగ్గర రంగు పోయింది. ఒక్క బంటు జేబులో ఎందుకుంటుంది? ఆట మొత్తం ఉంటే సరే, పోనీ రాజు ఉన్నా సరే. గౌను మెడ మీద వేసిన గుర్తు చూస్తే ఎముకల వార్డు. ఇక ఆమెకి కాలు నిలవలేదు. తొడుగులు తీసి, చేతులు కడిగేసి, సంచి అలాగే వదిలి మెట్లెక్కింది. లిఫ్టు వచ్చేదాకా ఆగే ఓపిక ఆమెకి ఏనాడూ లేదు. మొదటి మలుపులో ఊపిరి అందక మెట్ల పక్క కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడింది. ఈ మధ్య ఇలాగే అవుతోంది. అందరినీ అన్నీ అడిగే మనిషి, దీని గురించి మాత్రం ఏ డాక్టరునీ అడగలేదు.

బంటు తాలూకు పెద్దాయన కాలికి సిమెంటు కట్టుతో పడుకుని ఉన్నాడు. పక్క మంచం మీదాయన గురక పెడుతున్నాడు. మధ్యన బల్ల మీద చదరంగం పరిచి ఉంది. "ఇది మీదేనా?" అంటూ ఆరా అక్క బంటు చూపించింది.

"నెమ్మదిగా!" అని గుసగుసగా గదమాయించాడు పెద్దాయన. "నేనే దాచాను. నిన్న ఆట అయిపోవచ్చింది. ఆయనకి ఇవాళో రేపో ఆపరేషను, బాగా భయపడుతున్నాడు. ఆట సగంలో ఉంటే మనిషి మళ్ళీ తిరిగి రావాలనుకుంటాడు కదా."

"మరి బంటు లేకుండా ఆట ఎలా మొదలెడతారు?"

"ఆయన తిరిగొచ్చాక దొరుకుతుందిలెండి."

ఆరా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బంటుని అతని దిండు కింద తనే దాచి, దుప్పటి సర్ది వచ్చింది. దిగేటప్పుడు మెట్లమీద కూడా నవ్వుతూనే ఉంది. ఇలాంటి సంగతి ఒకటి తెలిసిన రోజున ఆమెకి ఆకలి కూడా వేయదు.

కిందికి వచ్చేసరికి సంచి ఖాళీగా ఉంది.

"మిగతావి ఏవిరా?"

"వేసేశాను. అయిపోయాయనే కదా వెళ్ళావు?"

ఇద్దరూ డ్రమ్ము గుండ్రటి అద్దం ముందుకు వెళ్ళి నిలబడ్డారు. నురగ కాసేపు తెల్లగానే తిరిగింది. తర్వాత ఒక మూల చిన్నగా రంగు మొదలైంది. చూస్తుండగానే మొత్తం గులాబీ రంగు అయింది. మిషను ఆపి తీస్తే అడుగున మూత ఊడిన లిప్‌స్టిక్ గొట్టం దొరికింది. ఎవరో ఒకామె, ఇంటినుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళ ముందు కాస్త మనిషిలా కనబడాలని దాచుకుని ఉంటుంది. ఆరా అక్క దాన్ని అరచేతిలో పట్టుకుని గోడకి ఆనుకుంది. ఇన్నాళ్ళు నిలబెట్టుకున్న మాట పోయింది. ఆమెకి ఏడుపొచ్చింది.

అంతలో మేడమ్ రానే వచ్చింది. గులాబీ రంగెక్కిన గౌన్ల కుప్ప చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది?"

ఆరా అక్క నోరు తెరిచేలోపే లాండ్రీ తమ్ముడు ముందుకొచ్చాడు. "నా తప్పే మేడమ్. నా ఎర్ర తువ్వాలు పొరపాటున బట్టల్లో పడిపోయింది. చూసుకోలేదు."

మేడమ్ అతని వైపు చూసింది. ఎర్ర తువ్వాలు అతని భుజం మీదే ఉంది, పొడిపొడిగా. దాన్ని కొంచెంసేపు చూసింది. తర్వాత ఆరా అక్క బిగించిన పిడికిలి వైపు చూసింది. "సరే. మరక వదిలే మందు వేసి ఇంకోసారి తిప్పండి," అని వెళ్ళిపోయింది.

"అబద్ధం ఎందుకు చెప్పావురా?"

"అక్కా, ఒక్కసారి. ఒక్కసారి ఏమీ అడక్కుండా వెళ్ళి నీ పని చూసుకో."

ఆమె బట్టల గదికి వచ్చి మిషను ముందు కూర్చుంది. రోజూలాగే ఇత్తడి తొడుగు నడిమి వేలికి పెట్టుకుంది. సూది గుచ్చుకోకుండా వేసుకునే ఆ తొడుగు నిండా సన్నటి గుంటలు. కొన్ని అరిగి నున్నబడ్డాయి. పక్కన ఉతికి మడతపెట్టిన గౌన్లు ఉన్నాయి. తమ్ముడు అబద్ధం చెప్పాడు, మేడమ్ నమ్మినట్టు ఊరుకుంది. కానీ ఆమె ఇచ్చిన మాట ఆమెకి తెలుసు. పై గౌను ఒళ్ళోకి తీసుకుని చిన్న కత్తెరతో జేబు మూల కుట్టు తెంపింది. కుట్టు మీద కుట్టు, తనే వేసింది, తొందరగా రాలేదు. ఒక మూల ఊడింది. రెండో మూలకి వచ్చేసరికి గుండె మీద ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టయింది. కత్తెర జారి కింద పడింది.

ఆమెని పై వార్డుకి తీసుకెళ్ళి మంచం ఎక్కించారు. నర్సు గౌను తొడిగి, "వేలికి అదేంటమ్మా? తీసెయ్యాలి, గొలుసు కూడా," అంది. గొలుసు ఇంటాయనకి ఇవ్వడానికి తీసి పక్కన పెట్టారు. తొడుగు మాత్రం ఎవరికీ ఇవ్వలేదామె. నర్సు మంచం పక్కకి తిరిగినప్పుడు జేబులో వేసుకుంది.

ఇంటాయన కబురు అందగానే ఉన్నపాటున వచ్చాడు. చొక్కా జేబు ఒక పక్క కుట్టు తెగి వేలాడుతోంది. రోజూ అతను ఎత్తిపొడిచే జేబే అది.

"ఊరందరికీ కుడతావు. నాది చూడు, కుక్క చెవిలా ఎలా ఉందో."

"ఇంటికెళ్ళగానే కుడతాను."

"ఆ మాట విని విని చెవులు అరిగిపోయాయి," అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

పని దిగి లాండ్రీ తమ్ముడు వచ్చేసరికి చీకటి పడుతోంది. ఆరా అక్క వెల్లకిలా పడుకుని, గౌను పక్కన చేత్తో ఏదో తడుముకుంటోంది. కళ్ళు మాత్రం మిలమిలలాడుతున్నాయి.

"తమ్ముడూ, ఒక సంగతి తెలిసిందిరా," అంది, వాకిట్లో వింత చూసి వచ్చినదానిలా. "జేబు పైకి పడింది. నిలబడ్డవాళ్ళకి సరిగ్గా ఉంటుంది. పడుకుంటే మోచెయ్యి వంచాల్సి వస్తోంది. ఇన్నేళ్ళూ నిలబెట్టి కొలిచాను. ఇక్కడ అందరూ పడుకునే కదా ఉంటారు! రెండు వేళ్ళు కిందికి కుట్టాలి."

"నాకు తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆపరేషనప్పట్నుంచి. చెప్తే నువ్వు గౌన్లన్నీ విప్పి మళ్ళీ కుడతావు. అందుకే చెప్పలేదు."

ఆమె నవ్వబోయి దగ్గింది. అతను మంచినీళ్ళు పట్టాడు. ఆమె ఏమీ అడగలేదు. అడగకుండా అతని మొహంలోకే చూసింది. ఆ చూపుని అతను తట్టుకోలేకపోయాడు.

"ఏమీ పెట్టుకోలేదక్కా," అన్నాడు తలొంచుకుని. "నాకు కళ్ళద్దాల్లేవు, పళ్ళు బాగానే ఉన్నాయి, దాచుకోడానికి ఇంకేముంది? స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే చేతులు వణికాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పక్కకి తిరిగి, చెయ్యి పెట్టుకున్నాను. వట్టి చెయ్యి."

"చెయ్యా," అంది ఆరా అక్క. గౌను జేబులో తన చెయ్యి పెట్టి చూసుకుంది. "అది నాకు తట్టనే లేదురా."

తెల్లవారేలోపే, ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున లాండ్రీలోకి మాసిన బట్టల సంచులు ఎప్పటిలాగే వచ్చాయి. లాండ్రీ తమ్ముడు డ్రమ్ము తలుపు తెరవలేదు. ఆమె రబ్బరు తొడుగులు అతని చేతులకి బిగుతయ్యాయి, అయినా వేసుకుని ఒక్కో జేబూ వెతకడం మొదలుపెట్టాడు. ఒక సంచి అడుగున గౌను జేబులో చిన్న బరువు తగిలింది. బయటికి తీసి చూశాడు. సన్నటి గుంటలు పడ్డ ఇత్తడి తొడుగు. మేడమ్ వచ్చి, తనూ ఒక జత తొడుగులు తొడుక్కుని పక్క సంచి ముడి విప్పింది. బట్టల గదిలో సగం ఊడిన జేబుతో గౌను ఆమెకి అప్పటికే దొరికింది. ఆరా అక్క పిడికిట్లో ఏముందో ముందురోజే తెలుసు.

ఆ తర్వాత, లాండ్రీ తమ్ముడు చెప్పిన కొలత ప్రకారం, కుట్టిన గౌన్లకి జేబులు రెండు వేళ్ళు కిందికే ఉన్నాయి. ఇంత కిందికి ఎందుకని కొత్త దర్జీ అడిగితే, మేడమ్ ఒక కుర్చీని వెనక్కి వాల్చి, దాంట్లో పడుకుని, చెయ్యి వదిలేసి చూపించిందట. చదరంగం ఆయన పక్క మంచాయన ఆపరేషన్ అయి తిరిగొచ్చాడు. బంటు దొరికింది, ఆటలో ఓడిపోయి ఇద్దరిలో ఒకరు బాగా కోపం తెచ్చుకున్నారు.

ఇత్తడి తొడుగు తీసుకెళ్ళమని లాండ్రీ తమ్ముడు ఇంటాయనకి కబురు పెట్టాడు. ఆయన వచ్చాడు. చొక్కా జేబు అలాగే వేలాడుతోంది, ఎవరు కుడతామన్నా ఇవ్వడం లేదు. తొడుగుని వేలితో అటూ ఇటూ దొర్లించి చూసి, "ఇక్కడే ఉండనీ బాబూ. ఇంట్లో దీనికి తోచదు," అన్నాడు.

కిటికీ గట్టు మీద రేకు పళ్ళెంలో, దారం చుట్టిన కళ్ళద్దాలకీ ఎవరిదో దువ్వెనకీ మధ్య, ఇత్తడి తొడుగు నోరు పైకి పెట్టుకుని ఉంది, ఇంకా ఏదో అడగబోతున్నట్టు.