బూట్లు మెత్తబడేదాకా

"నీ పాదం, నా పాదం ఒకటే సైజు రాజ్యం," అంది క్యాథరిన్ మేడం, వంటగది గుమ్మం దగ్గర కొత్త బూట్ల జత పెడుతూ. "ఎలాగూ పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటావు కదా. ఇవి వేసుకుని తిరుగు. తోలు మెత్తబడుతుంది."

గిన్నెలు తోముతున్న రాజ్యం చేతులు పమిటకి తుడుచుకుని వాటిని చూసింది. చీలమండల పైదాకా తోలు, అడుగున మొరటు రబ్బరు. చేత్తో ఎత్తితే ఇటుకంత బరువు.

జూన్‌లో మేడం కోర్సికా వెళుతోంది. ఫ్రాన్సు వాళ్ల ద్వీపమట. ఈ కొస నుంచి ఆ కొసకి కొండల మీదుగానే దారి, రెండు వారాల పైన నడక. దారిలో ఊళ్లు తక్కువ కాబట్టి తిండీ పడకా వీపున మోసుకోవాలి. లండన్ నుంచి ఇద్దరు స్నేహితురాళ్లు వచ్చి కలుస్తారు. దుబాయ్‌లో జుమేరా పేటలోని ఆ ఇంట్లో చలికాలం నుంచీ భోజనాల బల్ల నిండా మ్యాపులే. సార్ ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. తను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు ఎప్పట్లాగే ఉండాలి, నాలుగేళ్ల ఎమ్మాకి ఏ లోటూ రాకూడదు. "రాజ్యం ఉంది కదా," అంది మేడం.

ఆ 'ఎలాగూ' అనే మాట రాజ్యానికి కొత్తది కాదు. రాజోలు దగ్గర అత్తవారింట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ వింటూనే ఉంది. 'ఎలాగూ లేచావు కదే, మీ మావయ్యక్కూడా కాఫీ పెట్టెయ్.' 'ఎలాగూ కాలవకెళ్తున్నావుగా, మరిది బట్టలు కూడా పట్టుకుపో.' దుబాయ్‌లో ఇంటిపని ఉందని ఏజెంటు వచ్చినప్పుడు భర్త భీమరాజు అన్నదీ అదే. 'ఎలాగూ ఇక్కడ చేసేదీ ఆ చాకిరీయే కదే. అక్కడైతే జీతమన్నా వస్తది.' మాట నిజమే. నిజం కాబట్టే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక, మూడేళ్ల కూతురు సుగుణని అత్త చంకకిచ్చి విమానం ఎక్కింది. రెండేళ్లే అన్నారు. ఇది నాలుగో ఏడు.

బూట్లు వేసుకునే ఇల్లు ఊడ్చింది, మెట్లు కడిగింది. మేడం కొండల మీద వండుకోవడానికి డాబా మీద టమాటాలు, చిక్కుళ్లు, ఉడికించిన కైమా ఒరుగుల్లా ఎండబెట్టింది. చీర కింద ఆ బూట్లు చూసి ఎమ్మా పడీపడీ నవ్వేది. వారం తిరక్కుండానే మడమలు పొక్కి చితికాయి. మేడం చెడ్డది కాదు. తనే కింద కూర్చుని, రాజ్యం పాదం ఒళ్లో పెట్టుకుని ప్లాస్టరు అంటించింది. "ఎక్కడ కరుస్తోంది? వేళ్ల దగ్గరా, మడమ దగ్గరా?" అని నెమ్మదిగా అడిగింది. రాజ్యానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ దేశం వచ్చాక, ఆ మాటకొస్తే రాకముందు కూడా, తన పాదం పట్టుకుని అలా అడిగినవాళ్లు లేరు. మేడం అడుగుతున్నది బూటు సంగతని కాసేపటికి గానీ తట్టలేదు.

కానీ పొక్కులు మానాక, మెట్లెక్కుతుంటే కాళ్లలో ఏదో తెలియని సత్తువ. ఇలాగే ఎక్కుతూ పోతే బావుండుననిపించేది. ఎక్కడికి పోతుంది? డాబా దాకా. గేటు దాటాలంటే మేడం ఉండాలి, ఊరు దాటాలంటే సార్ ఆఫీసు బీరువాలో ఉన్న పాస్‌పోర్టు రావాలి. ఊరందరికీ సెలవైన శుక్రవారం కూడా ఆమెకి సెలవు లేదు.

ఒకరోజు మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో గీస్తూ మేడం అంది: "ఆడది ఒక్కసారైనా తన బరువు తను మోసుకుంటూ, ఎవరికీ వండకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా నడవాలి రాజ్యం. పెళ్లయ్యాక నాకోసం నేను చేసుకుంటున్న మొదటి పని ఇది."

రాజ్యానికి వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. అయినా ఆ మాట ఒక్క ముక్క పోకుండా అర్థమైంది. గుండెలో ఎక్కడో కదిలింది కూడా. ఇంతలో మేడం తల ఎత్తకుండానే, "అందుకే ఇంటికి వెళ్లడానికి జూన్‌లో ఇస్తామన్న నీ సెలవు జనవరికి మార్చాం. జూన్‌లో ఎమ్మాని చూసేవాళ్లు ఉండరు కదా. నీకేం ఇబ్బంది లేదుగా?" అంది.

"లేదు మేడం," అంది రాజ్యం. ఆ జవాబు నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. వంటగదిలోకి వెళ్లాక గానీ ఏమన్నదో తనకే తెలియలేదు.

ఆ వారమే కారు డ్రైవర్ ఇమామ్ హుస్సేన్, రాజ్యం ఇంటివాళ్లు ఉత్తరానికి బదులు మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ తెచ్చిచ్చాడు. ఆయనది కడప వైపు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు దుబాయ్‌లోని నైఫ్ అనే బజారులో ఇచ్చే క్యాసెట్లు అందరికీ చేరవేస్తుంటాడు. బట్టలుతికే మిషను పక్కనున్న తన గదిలో రాజ్యం దాన్ని టేపురికార్డరులో పెట్టింది.

"జూన్‌లో వచ్చి ఏం చేస్తావే? పై అంతస్తు మొదలెట్టాం. ఎలాగూ నాలుగేళ్లు ఉన్నావు, ఇంకో రెండేళ్లు ఉండలేవా?" భీమరాజు గొంతు. తర్వాత అత్త. "ఏసీ గదుల్లో ఉంటున్నావంట. నీకేం తల్లీ, మహారాణివి. ఇదిగో, నీ కూతురు మాట్లాడతాదంట. మాట్లాడవే, మీ అమ్మే."

కాసేపు గరగర. తర్వాత సన్నటి గొంతు, పాఠం అప్పజెప్పినట్టు: "బాగున్నారా అండీ?"

వెనక అందరూ ఘొల్లుమని నవ్వారు. "అమ్మని అండీ అంటాదేటే పిచ్చిమొహం!" అంటోంది అత్త.

రాజ్యం నవ్వలేదు. ఏడవనూ లేదు. పోస్టుమాన్‌ని అంటారు అండీ అని. దారి అడిగిన కొత్త మనిషిని అంటారు. పిల్ల తప్పేముంది? గడపలోకి వచ్చిన పరాయి మనిషిని మర్యాదగా పలకరించింది. రెండేళ్ల తర్వాత మేడ పూర్తవుతుంది, ఆ మేడలోకి తను చుట్టంలా వెళ్లి నిలబడుతుంది. ఇక్కడ వీళ్లకి తను కావాలి, అక్కడ వాళ్లకి తను ఇక్కడే ఉండటం కావాలి. ఇద్దరూ తనని అడక్కుండానే ఒప్పందానికొచ్చారు.

సాయంత్రం సార్, మేడం బల్ల దగ్గరుండగా వెళ్లి నిలబడింది. "మేడం, నేను జూన్‌లో ఇంటికి వెళ్తాను. మళ్లీ రాను."

మేడం ముఖం తెల్లబోయింది. "సరే అన్నావు కదా! ఇది నాకెంత ముఖ్యమో నీకు తెలుసు!"

"తెలుసు మేడం. మీరు చెప్తేనే తెలిసింది. అందుకే నేనూ వెళ్తానంటున్నాను."

సార్ గొంతు పెంచలేదు. ఇంకో మనిషి దొరికేదాకా పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు, టిక్కెట్టు కూడా ఇవ్వనన్నాడు. మర్నాటి నుంచి మేడం పనికి తప్ప పలకరించడం మానేసింది. రాజ్యం మాత్రం పొద్దున్నే సార్‌కి టీ ఇచ్చి, "సార్, పాస్‌పోర్టు," అని అడిగేది. ఆయన పేపరు చదువుకునేవాడు. మర్నాడు మళ్లీ అడిగేది. మే నెల చివర శ్రీలంక నుంచి ఒకామె పనికి కుదిరింది. బూట్లు అప్పటికి మెత్తబడ్డాయి. మేడం ప్రయాణం ఆగలేదు. సార్ టిక్కెట్టు దోపిన పాస్‌పోర్టు తెచ్చి టీకప్పు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

దాన్ని కొంగులో చుట్టుకుంటే గెలిచినట్టేమీ అనిపించలేదు. ఎక్కడికి వెళుతోంది? అదే వంటిల్లు, అదే కాలవ, అదే అత్త. మేడ ఆగిపోయిందని భీమరాజు ఎన్నేళ్లు సాధిస్తాడో. పిల్ల దగ్గరికి వస్తుందన్న నమ్మకం కూడా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఇమామ్ హుస్సేన్ ఖాళీ క్యాసెట్ తెచ్చిచ్చాడు. "ఇదిగోమ్మా, నా మాట ఇను. మేడమే పనిలోంచి తీసేసిందని చెప్పుకో. నిన్నెవురూ ఏమనరు. మేడాన్ని తిట్టుకోని ఊరుకుంటారు. ఖలాస్."

మంచి సలహానే. బయల్దేరే ముందే తప్పు తన మీద లేకుండా పోతుంది. గది తలుపు వేసుకుని, అదే చెబుదామనుకుని ఎర్ర బటన్ నొక్కింది. టేపు తిరుగుతోంది. ఆపి, మొదటికి తిప్పి, మళ్లీ నొక్కింది.

"ఏవండీ, నేను రాజ్యాన్ని. నన్నెవరూ పంపెయ్యలేదు. నేనే వస్తున్నాను."