నిద్రపోయిన పిల్లని కింద పెట్టడం

రబ్బరమ్మ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. గీసినదానికన్నా చెరిపిందే ఎక్కువని స్టూడియోలో అందరూ కలిసి పెట్టిన పేరది. పదో తరగతి సగంలో చదువాగిపోయి, పెన్సిళ్లు చెక్కే పనిలో చేరి, ఏడేళ్లలో కదిలే బొమ్మలు గీసే బల్ల దాకా వచ్చింది. ఇంట్లో తొమ్మిది నెలల కూతురు. ఆ పిల్ల తుమ్మితే చాలు, ఈవిడ గుండె గుభేలుమంటుంది. గంటకోసారి అత్తకి ఫోను.

"జ్వరం లేదు, ఏం లేదు. నీ ఫోను మోతకే పిల్ల ఉలిక్కిపడి చస్తోంది. పెట్టెయ్ తల్లీ," అంటుంది అత్త.

మూడు నెలల కిందట ఒక పెద్ద కంపెనీ స్టూడియోని కొనేసింది. గోడల మీది బొమ్మలు దిగి గడియారాలు ఎక్కాయి. కొత్త సారు వచ్చాడు, ఆయన వెంట కంప్యూటర్లో ఒక గోదాం వచ్చింది. నడవడం, పరిగెత్తడం, ఏడవడం, నవ్వడం అన్నీ అందులో తయారుగా ఉంటాయి, లాగి అతికించుకోవడమే. నెల తిరిగేసరికి, తీస్తున్న బొమ్మల సినిమాలో నక్కా, కుందేలూ, ముసలి తాబేలూ ఒకే దుకాణంలో చెప్పులు కొనుక్కున్నట్టు ఒక్కలాగే నడవసాగాయి.

చేత్తో గీయడానికి రబ్బరమ్మకి ఒక్క ఘట్టం మిగిలింది. తల్లి ఎలుగుబంటి నిద్రపోయిన పిల్లని ఆకుల పక్క మీద పడుకోబెట్టి తిండి వెతకడానికి పోవాలి. అంతే. దానికి ఎనభై బొమ్మలు లెక్క వేసుకుంది. నిద్రపోయిన పిల్ల మెలకువగా ఉన్న పిల్లకన్నా బరువు. పక్క మీద ఆనించాక కూడా మెడ కింద చెయ్యి అలాగే ఉండాలి. ఊపిరి అరచేతికి ఒకే తీరుగా తగిలే దాకా ఆగి, అప్పుడు ఒక్కో వేలూ తీసుకోవాలి. ఆఖరికి చిటికెన వేలు. ఆ తర్వాత కూడా వెంటనే లేవకూడదు. ఇవన్నీ ఏ బళ్లోనూ నేర్పరు. అరవై బొమ్మలయ్యాయి.

ఆ మధ్యాహ్నం కొత్త సారు అందరినీ పిలిచి ఆ ఘట్టం తెర మీద వేయించాడు.

"ఏడు సెకన్లు ఏమీ జరగట్లేదు. గోదాంలో 'వస్తువు కింద పెట్టడం' ఉంది. ఒక్క సెకను. అది వాడండి."

"బిడ్డ వస్తువా సార్?" అనేసింది రబ్బరమ్మ. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

డైరెక్టరు పక్కనే ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా అందరికీ బాబాయ్ ఆయన. గీసే ముందు ప్రతి కదలికా నలుగురి ముందూ చేసి చూపించాలన్న నియమం ఆయనదే. ఇప్పుడు మెల్లిగా గొణిగాడు. "వాళ్ల పద్ధతికి ఒప్పుకుంటూ కాగితం మీద నేనే సంతకం పెట్టేశానమ్మా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"చూసే పిల్లలకి ఇవన్నీ తెలుస్తాయా?" అన్నాడు కొత్త సారు.

రబ్బరమ్మ తన స్వెట్టరు ఉండచుట్టి ఆయన చేతుల్లో పెట్టింది. "ఇప్పుడే నిద్రపోయింది సార్. బల్ల మీద పడుకోబెట్టండి."

ఆయన నవ్వి, బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"లేచింది!" అంది రంగులు వేసే అక్క.

"గుక్క పట్టింది సార్, ఎత్తుకోండి!" అంది వెనకనుంచి ఇంకో ఆవిడ.

"ఇక మీదే బాధ్యత. సాయంత్రం దాకా దించనివ్వదు," అంది రబ్బరమ్మ. గది గొల్లుమంది.

కొత్త సారు చెవులు ఎర్రబడ్డాయి. "చూడమ్మా, నీ ఫైలు చదివాను. ఈ చదువుకి బయట గుమాస్తా పని కూడా దొరకదు. రేపట్నుంచి ఫైళ్లకి నంబర్లు వేసే గదిలో కూర్చో. బొమ్మల జోలికి రాకు."

నవ్వులు ఆగిపోయాయి. పాలడబ్బా, మందులు, ఇంటద్దె ఒక్కసారిగా రబ్బరమ్మ కళ్లముందు తిరిగాయి. వెళ్లి తన బల్ల ముందు కూర్చుంది. తెల్ల కాగితం లాక్కుని మూలన అరవై ఒకటి అని వేసింది.

ఆయన వెనకాలే వచ్చాడు. "చెప్పింది వినపడలేదా?"

"వినపడింది సార్. రేపట్నుంచి అన్నారు. ఇవాళ ఇంకా మూడు గంటలున్నాయి."

"గీసినా సినిమాలో ఉండదు. తీసేయిస్తాను."

"తీసేయించండి. కొన్నది మీరు, కత్తెర మీది. అడ్డగోలుగా గీసిందన్న మాట మాత్రం నామీద పడకూడదు."

ఆయన గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. బాబాయ్ స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. జేబులోంచి పెన్సిలు తీశాడు.

"మూడు గంటల్లో ఇరవై నీ ఒక్కదాని వల్ల కాదు. చెయ్యి తీసే బొమ్మలు నాకివ్వు."

"అవి కుదరవు బాబాయ్. ముగ్గుర్ని కన్నారు గానీ, ఒక్కర్నీ పడుకోబెట్టి ఎరగరని పిన్ని చెప్పింది. మీరు ఆకులు గీయండి."

"సంతకం పెట్టినవాడికి ఆకులే దక్కుతాయిలే," అని కాగితం ముందుకి లాక్కున్నాడాయన.

రంగుల అక్క కూడా లేచి వచ్చింది. రబ్బరమ్మ తలెత్తలేదు. బొటనవేలు మెడ కిందనుంచి ఒక్క వెంట్రుకవాసి జరగాలి. గీసింది. ఎక్కువ జరిగినట్టనిపించింది. చెరిపి మళ్లీ గీసింది.