నాన్న ఎత్తిన చెయ్యి

నాన్న పోయాక మా ఇంట్లో మొట్టమొదట ఆగిపోయింది సాయంత్రం ప్రార్థన. ఎవరూ వద్దనలేదు. లైట్లు వేసే వేళకి అందరం ముందుగదిలోకి వస్తాం, చాప పరుస్తాం, కూర్చుంటాం. మొదలుపెట్టే మనిషి లేడు. కాసేపు చూసి అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. చాప చుట్టి మూల నిలబెట్టడం నా పని.

నాన్న దర్జీ. బజారులో మెట్ల కింద ఇరుకు కొట్టు. రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, ఒక నిలువుటద్దం. అద్దం కింది మూల పగిలితే అక్కడ పాత క్యాలెండరు ముక్క అతికించాడు. ఇల్లు, కొట్టు, దేవుడు తప్ప ఆయనకు నాలుగో దిక్కు తెలియదు. ఎంత పనున్నా మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావలసిందే. "కొట్టెక్కడికీ పారిపోదు. పిల్లలే, చూస్తుండగానే పెద్దాళ్ళయి పారిపోతారు" అనేవాడు. చలికాలం పొద్దున్నే మా బడి చొక్కాల మీద ఇస్త్రీ పెట్టె తిప్పి, ఆ వేడి పోకముందే మాకు తొడిగేవాడు. ఏడుపు మొహాలతో చేతులు చాపిన మేము ఆ వెచ్చదనంలో నిలబడే మళ్ళీ కునుకు తీసేవాళ్ళం.

మమ్మల్ని మాత్రం కొట్లోకి రానిచ్చేవాడు కాదు. సూదులు కిందపడి ఉంటాయని భయం. మా బట్టలకు కొలతలూ లేవు, తొడిగి చూడడాలూ లేవు. అంతా కంటి కొలతే.

కొలతలన్నీ ప్రార్థనలో ఉండేవి. నాన్న ప్రార్థన అంటే దేవుడితో తీరికగా కూర్చుని మాట్లాడడమే. చెల్లి దగ్గు, నా లెక్కలు, అమ్మ మోకాళ్ళు, వానకు కారే కొట్టు పైకప్పు, ఏదీ వదిలేవాడు కాదు. ఎవరికి ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ కాస్త వదులు కావాలో వివరంగా చెప్పేవాడు. కూర అడుగంటుతోందని అమ్మ సైగలు చేసినా ఆగేవాడు కాదు.

"అన్నయ్యా, నాన్న దేవుడికి కొలతలిస్తున్నాడురా" అని చెల్లి నా చెవిలో ఊదేది.

ఒకసారి నాన్న విననే విన్నాడు. కళ్ళు తెరవకుండానే "ఇవ్వకపోతే ఆయనకెలా తెలుస్తుందే, గాడిదా?" అని, అమ్మ మోకాళ్ళ దగ్గర ఆపిన మాట మళ్ళీ అందుకున్నాడు.

అలాంటి మనిషి ఆఖరి రోజుల్లో ప్రార్థన మానేశాడు.

ఇక చేసేదేమీ లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. తెలివి ఉంది, మాట ఉంది. నీళ్ళు అడిగేవాడు, కిటికీ తెరవమనేవాడు. ప్రార్థన ఊసు మాత్రం లేదు. చూసి చూసి మేమే మంచం చుట్టూ చేరి మొదలుపెట్టాం. మా మేనత్త, అంటే నాన్నకు అక్క, గొంతు పెద్దది. ఆయన చెవి దగ్గర వంగి, "తమ్ముడూ, నాతోపాటు అను" అంది. నాన్న దుప్పటిలోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. అరచెయ్యి మా వైపు తిప్పి పైకెత్తాడు. ఆపమని. మర్నాడూ అంతే. ఆ పైన మేము కూర్చోలేదు. ఒక మధ్యాహ్నం, అమ్మ గ్లాసు కడిగి నీళ్ళు తెచ్చేలోపు పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాను, వెళ్ళినవాళ్ళ కుర్చీలు తీశాను, గ్లాసులు కడిగాను. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు అప్పుడప్పుడు నాన్న మొహం గుర్తుతెచ్చుకునేవాణ్ణి. గిల్లుతున్న సంగతి తెలిసేది. నొప్పి తెలిసేది కాదు.

అమ్మ దిగులు వేరు. మేనత్త వంటింట్లో నోరు జారింది. "బతుకంతా పిలిచి పిలిచి, చివరికి దేవుడి మీద అలిగి పోయాడే వాడు. ఒక్క మాట అంటే ఏం పోయేది?" ఆ రోజు నుంచి అమ్మ కంచం ముందు కూర్చోవడం లేదు. మాకు వడ్డించి, తర్వాత తింటానంటుంది. ఆ తర్వాత రాదు.

"అలిగి వచ్చినవాణ్ణి ఆయన లోపలికి రానిస్తాడంటావా?" అని నన్నడిగింది, గిన్నెలు తుడుస్తూ.

"ఆయన అలాంటివాడా అమ్మా?"

"ఎవరు? మీ నాన్నా, దేవుడా?"

నేనూ రోజూ మొక్కేవాణ్ణే. బిడ్డ తండ్రి మీద అలగకూడదా, అలిగితే తండ్రి తలుపేసుకుంటాడా అని నాలో నేను అనుకోగలను. కానీ అంత నమ్మినవాడికే ఆఖరున నోరు చేదెక్కితే, నాబోటివాడి సంగతేమిటి? ఆ ప్రశ్న అమ్మ ముందు పెట్టలేను.

ఇలా ఉండగా గుండీల మామయ్య వచ్చాడు. నాన్న కొట్లో ఎదురు బల్ల మీద కూర్చుని కాజాలు తీసి గుండీలు కుట్టే మనిషి. చుట్టం కాదు. మేము పుట్టక ముందు నుంచీ ఉన్నాడు కాబట్టి మామయ్య. ప్రార్థనకు ఎప్పుడూ రాలేదు. "నీ కోసం కూడా నేనే అడుగుతున్నాలే" అని నాన్న అంటే, "అడుగు అడుగు, పనిలో పని ఓ మంచి కళ్ళజోడు కూడా అడుగు, దారం ఎక్కట్లేదు" అనేవాడట.

మామయ్య సంచిలోంచి నాన్న కత్తెర, టేపు, కళ్ళజోడు తీసి అమ్మ ముందు పెట్టాడు. "కొట్టు ఊడ్చానమ్మా. ఇవి ఆయన చేతివి. ఇంట్లో ఉండాలి."

అమ్మ కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుంది. "అన్నయ్యా, ఒకటడుగుతా, దాచకు. కొట్లో ఆయన ఎప్పుడైనా దేవుడి మీద విసుక్కునేవాడా?"

"దేవుడి మీదా? నా మీద విసుక్కోడానికే ఆయనకి పొద్దు చాలేది కాదు."

ఎవరూ నవ్వలేదు. మామయ్య నొచ్చుకుని, కూర్చున్నచోటే సర్దుకున్నాడు. అమ్మ జరిగింది చెప్పింది.

"చెయ్యెత్తాడా? ఎట్లా ఎత్తాడు?"

అమ్మ వల్ల కాలేదు. చెల్లి చేసి చూపించింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి, మిగతా మూడు వేళ్ళూ నిలబెట్టి, అరచెయ్యి ఎదుటివాళ్ళ వైపు.

మామయ్య దాన్ని చాలాసేపు చూశాడు. "సుద్దముక్క లేదు గానీ, ఇది నేను రోజూ చూసే చెయ్యే" అన్నాడు.

"అంటే?"

"కొలతలు తీసుకునేప్పుడు మీ ఆయన నోరు మూయడమ్మా. వచ్చినవాడి తాతల దాకా అడుగుతాడు. కుట్టింది తొడిగి మనిషిని అద్దం ముందు నిలబెట్టాడంటే, ఇక మాట లేదు. నేను ఊరుకోలేక 'భలే కుదిరింది సార్' అనబోతానా, ఇదిగో, బట్ట మీద గీతలు పెట్టే సుద్ద పట్టుకున్న ఈ చెయ్యి లేచేది. మిషను కూడా తొక్కనిచ్చేవాడు కాదు. 'మనం అడిగేవన్నీ అడిగేశాం, ఇప్పుడు ఆయన్ని చెప్పనీ' అనేవాడు."

"కొట్టు సంగతి వేరు, మంచం సంగతి వేరు" అంది మేనత్త.

"అక్కా, నేను కాజాలు తీసేవాణ్ణి. ఆయనకీ దేవుడికీ మధ్య ఏముందో నాకేం తెలుసు? చెయ్యి చూపించారు. ఎక్కడ చూశానో చెప్పాను."

అమ్మ టేపును వేలికి చుడుతోంది. "ఎంతసేపు ఉండేవాడు అట్లా?"

"అవతలి మనిషి నోరు తెరిచేదాకా. ఒకాయనైతే అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగి... నా టీ చల్లారిపోయింది."

"బాగాలేదంటే?"

"విప్పి మళ్ళీ కుట్టేవాడు. మొహం మాత్రం మాడ్చుకునేవాడు కాదు."

మామయ్య వెళ్ళిపోయాడు. ఆయన చెప్పిందే నిజమని నేను అనలేను. నొప్పి పట్టలేక ఎత్తిన చెయ్యీ కావచ్చు. అత్త గొంతుకు విసిగి ఎత్తిందీ కావచ్చు. ఏళ్ళ తరబడి సుద్ద పట్టిన వేళ్ళు ఎందుకెత్తినా అలాగే కలుసుకుంటాయేమో. నాన్నను అడగడానికి లేదు.

సాయంత్రం చాప పరిచాను. కూర్చున్నాం. ఎవరూ మొదలుపెట్టలేదు. అమ్మ లేస్తుందని చూశాను, లేవలేదు. ఇక లాభం లేదని మేనత్త గొంతు సవరించుకుని అందుకోబోయింది. అమ్మ చెయ్యెత్తింది. రెండు వేళ్ళు కలిపి, మూడు వేళ్ళు నిలబెట్టి.

అత్త ఆగిపోయింది.

పక్కింట్లో ఎవరో బకెట్టు కడిగి బోర్లించారు. వీధిలో స్కూటరు ఎంతకీ స్టార్టు కాక, కాక, చివరికి అయింది. చెల్లి భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోందో ఏడుస్తోందో చూడలేదు. నేను కళ్ళు మూసుకుని వినడానికి ప్రయత్నించాను. నాకేమీ వినపడలేదు. అమ్మకు వినపడిందేమో, అడగలేదు.

"ఎంతసేపే ఇట్లా?" అని అత్త గుసగుసలాడింది.

అమ్మ ఇంకాసేపుండి చెయ్యి దించింది. మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "బాగాలేదని దేవుడంటే మళ్ళీ కుడతాడులే వదినా, మీ తమ్ముడికేం కొత్తా" అంది. వంటింట్లోకి వెళ్ళి కంచాలు దించింది. మా అందరివీ పెట్టాక, తనది కూడా తెచ్చుకుని పెట్టుకుంది.

నేను చాప చుట్టి మూల నిలబెట్టాను.