తేయాకు పొట్లములోని ముఖము

కార్తికమాసాంతమున గాలివాన వెలిసిన పిదప కాకినాడ రేవునందు సముద్రము తాను చేసిన పని తానెరుగనిదానివలె ప్రశాంతమై ధవళఫేనరేఖలను తీరసైకతముపై మెల్లమెల్లగ పరచుచుండెను. బాలభానుని కోమలారుణకిరణములు ఒడ్డున బోరగిలబడియున్న సరకుపడవల తారుపూతలపై మెరయుచుండ చిక్కుపడిన వలలను విప్పుకొనుచు జాలరులు కూర్చుండిరి. పెద్ద ఓడలు ఒడ్డునకు రాజాలని ఆ రేవున దూరముగ లంగరువేసిన నౌకలకు సరకు చేరవేయు పడవలలో ఒకటి ఆ తుపానునందు మునిగెను. అందు పనిచేయుచుండిన తాతారావు శరీరము ఒడ్డునకు చేరలేదు.

తాతారావు రేవుజట్టు ఫుట్‌బాలు ఆటలో గోలు కాచువాడు. అంతకు రెండేండ్ల క్రిందట చెన్నపట్టణపు తేయాకు వ్యాపారులు తమ పొట్లములలో ఆటకాండ్ర చిత్రములనుంచి అమ్మదలచి ఆ జట్టువారి ఛాయాచిత్రములు తీయు పనిని కాకినాడలో ఫొటోదుకాణము గల జగన్నాయకులుగారికి ఒప్పగించిరి. జట్టునకంతటికి చిరుగులేని చొక్కా ఒక్కటే యుండుటచే ఒకని చిత్రము ముగియగనే అతడు దానిని విప్పి వేరొకనికిచ్చుచు వచ్చెను. చిత్రములలో పదునొకండుగురును ధీరగంభీరులై నూతనవస్త్రధారులై కానవచ్చిరేకాని ఆ చొక్కా కడపటివాని యొంటికి వచ్చుసరికి చెమటతో తడిసి ముద్దయైన సంగతి చిత్రములను కూడబెట్టుకొనిన బాలురెవ్వరును ఎరుగరు.

అచ్చుకూటమున పొరపాటొకటి జరిగెను. తాతారావు ముఖము క్రింద ఆ జట్టులోనే ఆడుచు మిషను పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడగు శామ్యూలు పేరును శామ్యూలు ముఖము క్రింద తాతారావు పేరును పడెను. వ్యాపారులు తప్పు తెలిసికొని ఆ రెండు చిత్రములను మానివేసిరి. అంతకుముందు అంగళ్లకు చేరినవి మాత్రమే లోకమున మిగిలెను.

తల్లిలేని తాతారావును చంకనెత్తుకొని పెంచిన అక్క నూకరత్నము కర్మకాండ ముగిసిన పిమ్మట ఒకనాటి ఉదయమున జగన్నాయకులుగారి దుకాణమునకు వచ్చి కొంగుముడి విప్పి ఒక చిన్న చిత్రమును బల్లపైనుంచెను.

“బాబుగారూ, దీని కింద మా తమ్ముడి పేరుందని చదివి చెప్పారండి. ఈ మొహం మావోడిది కాదండి.”

ఆయన చూచి నిట్టూర్చి జరిగిన పొరపాటును వివరించెను.

“మరి మావోడి మొహం ఎక్కడుందండి?”

“శామ్యూలు మేస్టారి పేరు మీద ఉందమ్మా.”

“మీరు ముందర అద్దం మీద తీస్తారంట కదండి. ఆ అద్దం ఉంటే చూపించండి.”

ఆయన గోడలవైపు చూచెను. ఛాయాచిత్రము దించుకొని పని తీరిన అద్దములను గీకి కడిగి పటములకు బిగించుట ఆ వృత్తియందు వాడుక. దుకాణపు గోడలపై దేవతాపటములు వరుసగ వ్రేలాడుచుండెను. వానిలో ఏ దేవత ముందరి అద్దము ఒకప్పుడు తాతారావు ముఖమును మోసెనో ఆయనకే తెలియదు. “అద్దం లేదమ్మా, బొమ్మ కోసం వెదుకుతాను” అని మాత్రము చెప్పగలిగెను.

ఆ సాయంకాలమున ఆయన శామ్యూలు ఇంటికి పోయెను. శామ్యూలు తల వంచుకొని చెప్పెను.

“పిల్లలు నన్ను తాతారావు మేస్టారని ఏడిపించేవాళ్లండి. తట్టుకోలేక ఆ రెండు బొమ్మలూ దొరికినవన్నీ పొయ్యిలో పెట్టేశాను. తాతారావుతో చెబితే, నా మొహంతో మీరే బాగున్నారు మేస్టారూ, అని నవ్వాడు. ఇప్పుడీ ఊళ్లో ఒక్క లింగమూర్తిగారి దగ్గరే ఉందండి.”

ప్లీడరు లింగమూర్తిగారికి ఆ చిత్రములపై గల వ్యామోహము ఊరెల్ల ఎరిగినదే. ఆయన తేనీరు ముట్టడు. పొట్లములు కొని ఆకును ఇరుగుపొరుగులకు పంచిపెట్టి చిత్రములను మాత్రము దళసరి అట్టపై జిగురుతో అతికించి అద్దము బిగించి కచేరీగదిలో నిలుపుకొనెను. మరునాడు జగన్నాయకులుగారు నూకరత్నమును వెంటగొని పోయి సంగతి విన్నవింపగా ఆయన తల యడ్డముగ ఊపెను.

“ఊడదీస్తే చిరుగుతుంది. ఫొటో తీయనిస్తే రేపు ఊరంతా నకళ్లే తిరుగుతాయి. అప్పుడు నా దగ్గరున్నదానికి విలువేమిటయ్యా?”

“ఊడదీయొద్దండి బాబూ,” అని గుమ్మమువద్ద నిలిచియున్న నూకరత్నము పలికెను. “ఒక్కసారి చూడనివ్వండి.”

ఆమె లోనికి వచ్చి బొటనవ్రేలి గోరంతయు లేని ఆ ముఖమునెదుట నిలిచెను. ఏడువలేదు. అద్దముపైనున్న ధూళిని కొంగుతో తుడిచెను. ఆ చిత్రమును వందలసారులు చూచి మురిసిన లింగమూర్తిగారికి అది యొకరి తమ్ముడని అంతవరకు తోచియుండలేదు. ఆయన చూపు మరలించుకొని ఒక్క ప్రతి మాత్రము తీసి ఫొటో పట్టిన అద్దమును తన యెదుటనే గీకివేయవలెనని నిబంధన చెప్పెను.

“ఒక్కటి చాలండి,” అని ఆమె యనెను. “మావోడూ ఒక్కడేనండి.”

జగన్నాయకులుగారు ఆ చిత్రమును తీసి గోడకు తగినంత పెద్దదిగ ఒక్క ప్రతి దించి మాటతప్పక దుకాణమునకు వచ్చిన లింగమూర్తిగారి యెదుట ఆ అద్దమును గీకివేసి యింటికి వచ్చి ఆ ప్రతిని వెలుతురున పరచి చూచి నిశ్చేష్టుడయ్యెను. అచ్చుచిత్రము సూక్ష్మబిందుసమూహమని ఎరిగియు అంత పెంచిన నేమగునో ఆయన తలపోసియుండలేదు. కన్నులు లేవు. నోరు లేదు. నల్లని చుక్కలు మాత్రము కలవు. కుంచె చేతబట్టి చుక్కలను కలిపి ముఖము దిద్దుట ఆయనకు కష్టము కాదు. చిత్రములలో ఎందరి మశూచికపు మచ్చలనో చెరిపిన చేయి అది. అయినను కొన్ని నిమిషములు మాత్రమే చూచిన ఆ ముఖమును తాను దిద్దినచో ఆ యక్క చేతిలో రెండవసారి పరాయిముఖము నుంచినట్లగునని తోచి కుంచె దించెను.

కబురందుకొని నూకరత్నము వచ్చి గోడకు చేరవేసియున్న ఆ ప్రతిపై వంగి చూచెను.

“మిరియాలు ఆరబోసినట్టుందండి,” అని మెల్లగ పలికెను.

“నావల్ల ఇంతకన్నా కాలేదమ్మా.”

ఆమె నమస్కరించి వెనుదిరిగి వీధిగుమ్మము దాటబోవుచు మనసొప్పక కడసారి తలత్రిప్పి చూచి అట్లే నిలిచిపోయెను. ఆమె చేయి ద్వారబంధమును పట్టుకొనెను.

“బాబుగారూ, ఇలా రండి. ఇక్కడ నిలబడి చూడండి.”

ఆయన పోయి ఆమె ప్రక్కన నిలిచెను. గది యావలి గోడవద్ద తాతారావు ఎడమ కనుబొమ యెత్తి ఎవరో యేదో యనగా బదులు చెప్పబోవువానివలె వారిని చూచుచుండెను.

ఈ వార్త విని లింగమూర్తిగారు తన యట్టపైని అద్దము విప్పించి శామ్యూలు పేరు కొట్టివేసి క్రింద తాతారావని సిరాతో వ్రాసికొనెను. అట్లు వ్రాయుటచే దాని విలువ చెడెనని తోటి సేకర్తలు చింతించిరి. ఆయన చింతింపలేదు.

నూకరత్నము ఆ పటమును తన పాకలో పడమటి నిట్రాటి గుంజకు కట్టెను. చూడవచ్చినవారు ప్రీతిచే దాపునకు పోయి చుక్కలను గాంచి ఏమియు కానరాక తెల్లబోవుదురు. మిక్కిలి దగ్గరనున్నంతకాలము మనవారి ముఖములను మనము మాత్రము చూచుచున్నామా? ఆమె వారిని చేయిపట్టి వెనుకకు నడిపించుకొని వచ్చి పొయ్యిచెంత తాను కూర్చుండు చోట నిలిపి వారి కన్నులనే చూచుచు వేచియుండును.