మేకుల బెల్టు

బెల్టు లోపలి వైపు నుంచి మేకు గుచ్చి, బయటికి వచ్చిన మొనకి బిళ్ళ తొడిగి, నట్టు బిగించి, యోవ్నా తర్వాతి రంధ్రం మీదికి జరిగాడు. మోకాళ్ళ కింద తోలు ముక్క వేసుకున్నా నేల చలి ఎముకలోకి ఎక్కుతూనే ఉంది. కుడి బొటనవేలి చివర శీతాకాలమంతా మానని పగులు. ఎడమ చెవి పైఅంచు ఎప్పుడో మంచు కొరికేసింది. ముప్పై ఏళ్ళుగా ఈ షెడ్డులో ఊళ్ళోవాళ్ళ మంచు స్కూటర్లు బాగుచేస్తున్నాడు. అతని గురించి ఎవరినడిగినా మంచివాడనీ అనరు, చెడ్డవాడనీ అనరు. పని చేసిపెడతాడంటారు, అంతే.

స్కూటర్ పక్కకి ఒరిగి పడుకుని ఉంది. ముందరి రెండు స్కీలూ గోడవైపు చాచుకున్నాయి. కడుపు కింద తిరగాల్సిన పాత బెల్టు ఊడి తలుపు దగ్గర కుప్పగా పడి ఉంది. దాని రబ్బరు పళ్ళు అరిగి అరిగి, ముసలిదాని చిగుళ్ళలా నున్నగా మిగిలాయి.

పొయ్యి పక్కన కుర్చీలో నీల్లాస్ కూర్చున్నాడు. యోవ్నా భార్యకి అన్న. డెబ్బై దాటాయి. స్కూటర్ అతనిదే. పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా పొద్దుటి నుంచి కొత్త బెల్టు మీంచి చూపు తిప్పడం లేదు.

"ఏం పళ్ళురా యోవ్నా! ఒక్కోటీ నా వేలంత ఉంది. ఇది మంచుని తొక్కదు, కొరుక్కు తింటుంది."

"మెత్తటి మంచులో పళ్ళు లాగుతాయి బావా. గడ్డకట్టిన వాలు మీద మాత్రం మేకులే దిక్కు."

"నిన్న లారీలో వచ్చిందన్నావు కదూ?"

"ఊఁ."

ఆ 'ఊఁ' అబద్ధం. బెల్టు శరదృతువులోనే, మొదటి మంచు కూడా పడకముందే వచ్చింది. వచ్చిన రోజే యోవ్నా భార్య రావ్‌డ్నా దాని మీద టార్పాలిన్ కప్పేసింది.

"ముందు పోయేవాడి కిందే మంచు విరుగుతుంది," అంది ఆ రోజు. "హెయికా అన్నని అలాగే నీళ్ళలో పోగొట్టుకున్నాం. ఉన్న ఈ ఒక్కడూ వెనకాలే ఉండనీ. ఆ అరిగిపోయిన బెల్టుతో ఎంత దూరం పోతాడు? రాలేదని చెప్పు. నీ సొమ్మేం పోయింది?"

యోవ్నా తల ఊపాడు. జీవితంలో చాలా వాటికి అలాగే తల ఊపాడు. అటు పెళ్ళాం, ఇటు బావ. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఎటూ తెగకుండా ఉండాలంటే కదలకపోవడమే మంచిదనుకునేవాడు.

వాళ్ళ పెంపుడు జింకల మందని తోలేటప్పుడు పెద్దవాడే ముందు నడుస్తాడు. అతను దారి తొక్కుతాడు, ఆ దారిలో మెడలో గంట కట్టిన పోతు జింక, దాని వెనక మందంతా. అతన్ని దాటి ఎవరూ పోరు. ఇరవై ఏళ్ళుగా ఆ చోటు నీల్లాస్‌ది. చలి మొదలైన రోజుల్లో రాతిలోయ వాలు మీద అతని స్కూటర్ రెండుసార్లు వెనక్కి జారింది. మూడోసారి కూడా జారుతుండగా, నిన్నమొన్నటి కుర్రాడు మిక్కల్ పక్కనుంచి తిరిగి ముందుకు వెళ్ళిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి వెనకే ఉండి, నీరసించిన దూడల్ని ఏరుకుంటూ వస్తున్నాడు.

వారం వారం వచ్చి అడిగేవాడు, "వచ్చిందా?" అని. ఓడ ఆలస్యమట బావా. కనుమ దారి మూసేశారట బావా. అబద్ధాలకి వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది, నాలుక చివరే ఉండేవి. మొన్న అదే వాలు మీద ముసలాయన దిగి, స్కూటర్‌ని భుజంతో నెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పుతుంటే యోవ్నా కిందనుంచి చూశాడు. రెండు రోజుల్లో చూడి జింకలు సముద్రం వైపు కదులుతాయి. ఇంక రాలేదని అనలేకపోయాడు. టార్పాలిన్ తీశాడు. పొద్దుటి నుంచి రావ్‌డ్నా అతనితో మాట్లాడటం లేదు.

నీల్లాస్ ముందుకి వంగి, బెల్టు మడతలోంచి ఏదో లాగాడు. బూడిదరంగు వెంట్రుకల ఉండ.

"ఎలక గూడు పెట్టిందిరా. లారీలోనా?"

యోవ్నా ఇంకో నట్టు అందుకున్నాడు. "గోదాములో పెట్టి ఉంటుంది."

"ఇవి జింక వెంట్రుకలు. అయితే పట్నం గోదాముల్లో మన జింకలు మేస్తున్నాయన్నమాట!" నీల్లాస్ నవ్వి, ఆ ఉండని పొయ్యిలో పడేశాడు. అతనికి తెలిసిందో, ఊరికే ఎగతాళి చేశాడో యోవ్నాకి అంతుపట్టలేదు.

మధ్యాహ్నానికి బెల్టు లోపలికెక్కింది. ఇరుసు బిగించి, గొలుసు పెట్టెలో నూనె పోశాడు. మేకులు పైన రేకుకి గీసుకోకుండా ఇనుప పట్టీలు కొట్టాడు. రావ్‌డ్నా వచ్చి అన్న చేతికి చెక్క గిన్నెలో కాఫీ ఇచ్చింది, వాళ్ళ అలవాటు ప్రకారం అందులో చీజు ముక్క వేసి. మొగుడి కాఫీని బల్ల మీద ఠక్కున పెట్టింది.

"అయితే ముందు పోతావన్నమాట," అంది అన్నతో.

"పోకపోతే జింకలకి దారెవరు చూపిస్తారే? ఆ మిక్కల్ గాడా? వాడు మంచు వంక చూస్తేగా, ఫోను వంక చూస్తాడు." నీల్లాస్ గొంతు తగ్గించాడు. "హెయికాకి అన్నిట్లోనూ తొందరే. నాకు లేదు. పోయి పడుకో, కళ్ళు ఉబ్బి ఉన్నాయి."

ఆమె తలుపు లాగి వెళ్ళిపోయింది.

యోవ్నా స్కూటర్ వెనకభాగాన్ని స్టాండు మీదికెత్తి ఇంజను వేశాడు. బెల్టు గాలిలో తిరగడం మొదలెట్టింది. షెడ్డంతా అదిరింది. ఆ మోతలో అతనికి ధైర్యమొచ్చింది. వెనక్కి తిరగకుండా, తిరిగే మేకుల వంకే చూస్తూ చెప్పేశాడు.

"బావా, ఇది నిన్న రాలేదు. మంచుకి ముందే వచ్చింది. నేనే దాచాను. నీ చోటు పోయింది నా వల్లే."

వినాలనే చెప్పాడు. వినపడకపోతే బాగుండనీ అనుకున్నాడు. ఇంజను ఆపాడు.

నీల్లాస్ ఏమీ అనలేదు. కోపమొస్తే అతను మాట్లాడడు. ఒకసారి తమ్ముడితో గొడవపడి వేసవంతా మాట్లాడలేదు. యోవ్నా బెల్టు బిగువు సరిచూశాడు. సరిగ్గానే ఉంది. అయినా మళ్ళీ చూశాడు.

"తిట్టు బావా. పడతాను. మీ చెల్లెలు భయపడి అడిగింది, సరే. కాదనాల్సినవాణ్ణి నేను. ఈ ఒక్క శీతాకాలమూ నీ దగ్గర దొంగిలించాను. ఎల్లుండి ముందు నువ్వే పో. నీ వెనక నేనొస్తాను, దూడల్ని నేనేరుతాను."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. యోవ్నా వెనక్కి తిరిగాడు. నీల్లాస్ గడ్డం గుండె మీదికి వాలి ఉంది. ఒక చెయ్యి మోకాలి మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది. ముట్టుకోకముందే యోవ్నాకి అర్థమైంది. అయినా వెళ్ళి ముట్టుకున్నాడు.

రావ్‌డ్నా వచ్చింది. అరవలేదు. కింద కూర్చుని అన్న బూట్లు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. "వెనకాలే ఉంచాం కదా," అంది. "వెనకాలే ఉంచాం కదా యోవ్నా."

ఎప్పుడు పోయాడో? విని పోయాడా, వినకుండానే పోయాడా? విని ఉంటే, చివరిగా చెవిన పడింది తమ ద్రోహం. వినకపోతే, లారీ అబద్ధాన్ని నమ్మే వెళ్ళాడు. ఈ రెంటిలో ఏది నయమో యోవ్నా తేల్చుకోలేకపోయాడు. ఇక ముందూ తేల్చుకోలేడు.

నలుగురూ వచ్చి నీల్లాస్‌ని తీసుకుపోయారు. మిక్కల్ చివర ఆగి, టోపీ తీసి, కొత్త బెల్టు పళ్ళని వేలితో తడిమాడు.

"పాపం పెద్దాయన, దీనికోసం ఎంత ఎదురుచూశాడో. ఎప్పుడొచ్చింది మామా?"

యోవ్నా నోరు అలవాటుగా 'నిన్న' అనబోయింది.

"శరదృతువులో," అన్నాడు.

మిక్కల్ అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఏమీ అనకపోవడమంటే ఏమిటో యోవ్నాకి అప్పుడు తెలిసింది.

పొయ్యి అంచు మీద చెక్క గిన్నె ఉంది. అందులో చల్లారిన కాఫీ మీద తెర కట్టింది, అడుగున చీజు ముక్క ఉబ్బి, మెత్తబడి, ఎవరూ కొరకకుండా అలాగే ఉంది.